గోడ వెనుక గోడ

‘బేస్‌మెంటు’ అన్న మాటకు తెలుగులో సరితూగే మాట కోసం కొంతకాలంగా వెదుకుతున్నాను. నిఘంటువులు ‘నేలమాళిగ’ అంటాయి, ‘భూగృహం’ అంటాయి. మొదటి మాట వినగానే జానపద చిత్రాలలో రాకుమారుణ్ణి బంధించిన చీకటికొట్టు గుర్తుకు వస్తుంది. రెండవది గంభీరంగానే ఉన్నది గాని, పిల్లలు మూడుచక్రాల బండి తొక్కుకొనే చోటికి అంతటి గాంభీర్యం అతకదు. మాట కుదరకపోవడం మన భాషకు లోపమని నేను అనుకోను. వస్తువు లేనిచోట మాట ఎలా పుడుతుంది? నేను పుట్టి పెరిగిన కృష్ణా డెల్టాలో వానకాలం నాలుగడుగులు తవ్వితే చాలు, గుంటలో నీరు ఊరుతుంది. అందుకే మావాళ్ళు ఇళ్ళను ఎత్తరుగుల మీద కట్టుకొన్నారు, ధాన్యాన్ని గాదెలలో పోసుకొన్నారు. నీరు పైకి అందని రాయలసీమ మెట్టభూములలో జొన్నలు దాచుకొనే పాతరలు ఉండేవి. అవి గింజల కోసం, మనుషుల కోసం కాదు.

ఈ ప్రస్తావన ఎందుకంటే, 2023లో ఏప్రిల్ మొదలు అక్టోబరు దాకా నేనూ మా ఆవిడా అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ నగర శివార్లలో ఉన్న మా అబ్బాయి ఇంట్లో ఉన్నాం. ఆ ఆరునెలలూ ఆ ఇంటి బేస్‌మెంటుకు గోడలూ పైకప్పూ తొడిగే పని జరిగింది. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూలు పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పినవాణ్ణి. సుత్తి పట్టే యోగం అరవై దాటిన తరువాత పట్టింది. ‘మావాడు బేస్‌మెంటు ఫినిష్ చేయిస్తున్నాడు’ అని ఫోనులో విని, అదేదో వెల్ల వేయించడం వంటిదనుకొనే నా ఈడు తల్లిదండ్రుల కోసమూ, రేపోమాపో అదే పనికి పూనుకోబోయే ప్రవాస మిత్రుల కోసమూ చూసినది చూసినట్లు వ్రాస్తున్నాను.

ముందు నేలకింద గది ఎందుకో చెప్పాలి. చలిదేశాలలో శీతకాలం నేలలోని నీరు గడ్డకడుతుంది. గడ్డకట్టిన నీరు ఉబ్బుతుంది, ఉబ్బి పునాదిని పైకి ఎత్తుతుంది. కనుక పునాది అడుగు ఆ గడ్డ దిగని లోతున ఉండాలి. మిషిగన్‌లో సాధారణంగా ఆ లోతు 42 అంగుళాలు. ఎలాగూ అంత తవ్వారు గనుక మరికొంత తవ్వి, చుట్టూ కాంక్రీటు గోడలు పోసి ఒక అంతస్తు సంపాదించుకొంటారు. ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసు, నీళ్ళు కాచే హీటరు అక్కడే ఉంటాయి. ఇళ్ళు కట్టేవారు చాలాచోట్ల ఆ అంతస్తును బోడిగా వదిలి అమ్ముతారు. చుట్టూ బూడిదరంగు కాంక్రీటు, తల ఎత్తితే పై అంతస్తును మోసే కలప దూలాలు, వాటి నడుమ కరెంటు తీగలు, నీటి గొట్టాలు, వెచ్చని గాలి పోయే రేకు గొట్టాలు. దానిని మనుషులు కాపురం ఉండదగిన గదులుగా మార్చడమే వారు ‘ఫినిషింగ్’ అనే పని.

మావాడి ఇంట్లో పడకగదులన్నీ మేడమీద ఉన్నాయి. మేము వెళ్ళినప్పుడల్లా మనవడి గది మాకు ఇస్తారు, వాడు తల్లిదండ్రుల గదిలో నేలమీద పడుకొంటాడు. ‘నాన్నా, మీ ఇద్దరికీ కింద ఒక సొంత గది, పక్కనే స్నానాల గది. ఎన్నాళ్ళున్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు’ అని మేము దిగిన వారంలోనే మావాడు కాగితంమీద గీసి చూపించాడు. నేను సంతోషించాను. మా ఆవిడ ఆ కాగితం వంక చూసి, ‘బ్రతికుండగానే నేలలో పెడతావట్రా?’ అన్నది. ఆమె హాస్యమాడుతున్నదనుకొని మేమందరం నవ్వాం.

పని చూడడానికి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. గోడలకు ప్లాస్టిక్ పట్టా కప్పి, దాని ముందు కలపచట్రం నిలబెట్టి, పలకలు బిగించి మూడు వారాలలో ముగిస్తానన్నాడు. మా కోడలు అతణ్ణి ఒకే ప్రశ్న అడిగింది. మూసిన తరువాత వెనుక తడి ఉన్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది? ‘ఇప్పుడు తడి కనబడటం లేదు కదా’ అన్నాడు. అతడు వెళ్ళిన తరువాత ఆమె, ‘మామయ్యగారూ, కనబడటం లేదంటే లేదని అర్థమా?’ అని నన్ను అడిగింది. ‘అనుపలబ్ధి’ని, అంటే కనబడకపోవడాన్ని, ప్రమాణంగా అంగీకరించాలా వద్దా అని మన శాస్త్రకారులు తలలు బద్దలు కొట్టుకొన్న మాట నాకు గుర్తుకు వచ్చింది. వేడిగా ఉన్న ఉపమానం చల్లారకముందే ఆమెకు చెప్పాను. ఆమె ఓపికగా విని, తేమ పరీక్ష ఎలా చేయాలో వెదకడం మొదలుపెట్టింది.

కాంక్రీటు చూపుకు రాయిలా ఉంటుంది గాని, దాని నిండా కంటికి ఆనని రంధ్రాలు. బయటి మట్టిలోని తేమ వాటిగుండా మెల్లగా లోపలికి ప్రాకుతుంది. గోడ బోడిగా ఉన్నన్నాళ్ళూ ఆ తేమ గది గాలిలో కలిసిపోతుంది, గోడ పొడిగానే తోస్తుంది. ముందు మరొక గోడ నిలిపి మూసివేసినప్పుడు దానికి దారి ఉండదు. కలపా, పలకమీది కాగితమూ రెండూ బూజుకు ఆహారమే. మన ఊళ్ళలో పాత మట్టిగోడలమీద, సున్నపు గోడలమీద సిమెంటు పూయించినవారికి ఈ సంగతి అనుభవమే. గానుగసున్నపు గోడ తేమను పీల్చుకొని మళ్ళీ వదిలేది. పైన సిమెంటు పొర వేయగానే ఆ తేమ లోపలే ఉండిపోయి, కొన్నేళ్ళకు పూత అంతా పెచ్చులై రాలుతుంది.

పరీక్ష చాలా సులభం. వంటింట్లో వాడే అల్యూమినియం రేకును అడుగున్నర పొడవు వెడల్పులతో కత్తిరించి, నాలుగంచులా టేపు వేసి గోడకు అంటించి, రెండు రోజుల తరువాత విప్పి చూడాలి. రేకుకు గదివైపు చెమ్మ ఉంటే అది గది గాలిలోని తేమ చల్లని గోడ తగిలి నీరైనది. రేకు వెనుక, గోడవైపు చెమ్మ ఉంటే అది నేలలోనుండి వచ్చినది. మొదటిదానికి తేమ లాగే యంత్రం చాలు. రెండవదానికి వైద్యం ఇంటి బయట చేయాలి. మేము ఆరుచోట్ల అంటించాం. అయిదుచోట్ల పొడి. ఈశాన్యమూల రేకు వెనుక మాత్రం నీటిబొట్లు వరుసగా నిలిచి ఉన్నాయి. ‘ఈశాన్యం నీటిస్థానమే గదా’ అని మా ఆవిడ వాస్తు చెప్పింది.

బయటకు వెళ్ళి చూస్తే ఆ మూలనే కప్పుమీది వాననీరు దిగే గొట్టం సరిగ్గా పునాది పక్కన వదులుతున్నది. అక్కడి మట్టి కూడా ఏళ్ళ తరబడి కుంగి, ఇంటివైపే వాలి ఉన్నది. ఇంటిచుట్టూ నేల మొదటి పదడుగులలో కనీసం ఆరంగుళాలు బయటికి వాలి ఉండాలని అక్కడి గృహనిర్మాణ నియమావళి చెబుతుంది. మావాడు, నేను రెండు శనివారాలు మట్టి మోసి వాలు సరిచేశాం. నీటిగొట్టాన్ని పదడుగుల దూరం పొడిగించాం. గోడలో నిలువుగా వెంట్రుకవాసి బీట ఒకటి ఉంటే దానిలోకి ఎపాక్సీ ఎక్కించారు. నిలువుబీటలు చాలావరకు కాంక్రీటు ఆరేటప్పుడు ముడుచుకొన్నందువల్ల వచ్చేవి. అడ్డబీట కనబడితే మాత్రం బయటి మట్టి గోడను నెడుతున్నదేమో నిపుణుడికి చూపించాలి. ఆ తరువాత నాలుగు పెద్దవానలు కురిసేదాకా ఆగి మళ్ళీ రేకులు అంటించాం. ఈసారి ఆరూ పొడి. ఈ పనికోసమే ముందుగా సెలవు పెట్టుకొన్న మావాడికి ఆ వారం వృథా అయింది. రోజూ కిందికి దిగి గోడలవంక చూసి పైకి వచ్చేవాడు.

మరొక రక్షణ ‘సంప్ పంపు’. హైదరాబాదు వాసులకు సంపు అంటే కుళాయినీళ్ళు నిలవచేసుకొనే తొట్టి. ఇక్కడ దానికి సరిగ్గా వ్యతిరేకం. పునాది చుట్టూ పాతిన చిల్లుల గొట్టాలనుండి వచ్చే నీరు నేలలోని ఒక గుంటలో చేరుతుంది, నీటిమట్టం పెరగగానే పంపు తనంతట తానే దానిని బయటికి తోడిపోస్తుంది. కరెంటు ఉన్నంతవరకే ఈ ధీమా. మావాడికి తెలిసిన ఒక కుటుంబం వారింట్లో గాలివానకు కరెంటు పోయి, వాన మాత్రం పోక, కొత్తగా పరిచిన తివాచీ, గోడపలకలు రెండడుగుల ఎత్తున తడిసి అన్నీ కోసి పారవేయవలసి వచ్చింది. అది విని మావాడు మొదట బ్యాటరీతో నడిచే రెండవ పంపు పెట్టించాడు.

తడి తరువాత గాలి. నేలలో సహజంగా ఉండే యురేనియం క్షీణించే క్రమంలో రేడాన్ అనే వాయువు పుడుతుంది. రంగులేదు, వాసనలేదు. పునాది సందులగుండా ఇంట్లోకి వచ్చి, మూసిన గదులలో పోగుపడుతుంది. 1984 డిసెంబరులో పెన్సిల్వేనియాలోని లిమెరిక్ అణువిద్యుత్కేంద్రంలో పనిచేసే స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజినీరు ఒంటిమీది రేణువుల వల్ల అక్కడి హెచ్చరిక గంటలు మోగాయి. వెదకగా, వెదకగా ఆ ధార్మికత కేంద్రంలోనిది కాదు, ఆయన ఇంటినుండి వచ్చినదని తేలింది. ఇళ్ళలో రేడాన్ గురించి అమెరికా మేలుకొన్నది ఆ తరువాతనే. లీటరు గాలికి 4 పికోక్యూరీలు, అంతకు మించి ఉంటే చర్య తీసుకోవాలని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచన. ఊపిరితిత్తుల క్యాన్సరుకు పొగతాగడం తరువాత ఇదే రెండవ కారణమని ఆ సంస్థే చెబుతున్నది. అంగడిలో దొరికే బొగ్గుపొడి డబ్బా తెచ్చి, తలుపులు మూసి, కొన్నిరోజులు ఉంచి ప్రయోగశాలకు పంపితే మాకు 6కు కొంచెం పైన వచ్చింది. నేలపలకకు రంధ్రం చేసి, దాని కిందినుండి కప్పుపైకి ఒక గొట్టం, దానికి నిరంతరం తిరిగే పంఖా అమర్చారు. మళ్ళీ కొలిస్తే ఒకటికి దిగింది. గోడలు లేవకముందే చేశారు గనుక ఆ గొట్టం ఒక మూలన ఇమిడిపోయింది. పాతర మూత తీసినవెంటనే దిగకూడదు, గాలి ఆడనిచ్చి దిగాలి అని మన మెట్టప్రాంతాల రైతులకు తెలుసు. అక్కడ ముక్కిన గింజల ఆవిరి, ఇక్కడ రాతి ఆవిరి. నేలకిందికి దిగేవాడు ముందు గాలి సంగతి చూసుకోవాలి.

ఇన్ని అయిన తరువాత, మే నెలాఖరుకు, గోడ మొదలైంది. కాంక్రీటుకు ఆనించి రెండంగుళాల మందపు గట్టి నురగపలకలు జిగురుతో అంటించి అతుకులన్నిటికీ టేపు వేశారు. గదిలోని వెచ్చని గాలి చల్లని కాంక్రీటును తాకకుండా ఉంచడం దాని పని. తాకితే చన్నీళ్ళ చెంబుకు చెమట పట్టినట్లు అక్కడ నీరు పడుతుంది. కాంట్రాక్టరు చెప్పిన ప్లాస్టిక్ పట్టా వేయలేదు. భవనాలలో తేమ గురించి దశాబ్దాలుగా పరిశోధించిన జోసెఫ్ స్టీబ్యురెక్ వంటి ఇంజినీర్లు బేస్‌మెంటు గోడకు లోపలివైపు పట్టా కట్టవద్దని, గోడకు గదివైపు ఆరే వీలు ఉంచాలని చెబుతూ వచ్చారు. మన గానుగసున్నం చేసిన పని అదే. అక్షరం చదవని మేస్త్రీలకు తెలిసిన సంగతిని కొత్త వస్తువులతో మళ్ళీ సాధించవలసి వస్తున్నది.

నురగపలకల ముందు కలపచట్రం. ‘టూ బై ఫోర్’ అని పేరేగాని ఆ బద్ద నిజానికి ఒకటిన్నర అంగుళం మందం, మూడున్నర అంగుళాల వెడల్పు. నేలకు తగిలే అడుగుబద్ద మందు పట్టించిన కలపై ఉండాలి, లేకుంటే చెమ్మకు చివికిపోతుంది. నిలువుబద్దలు 16 అంగుళాలకు ఒకటి. గోడపలక కొలతలు 48, 96 అంగుళాలు. రెండూ 16తో శేషం లేకుండా భాగించబడతాయి గనుక పలక అంచు ఎప్పుడూ ఒక బద్దమీదనే ముగుస్తుంది. నేలమీద గీత తీయడానికి నీలిపొడి అద్దిన దారాన్ని రెండు కొసలా బిగించి పట్టి మధ్యలో లాగి వదులుతారు. మా ఇంటి వడ్రంగి ఎర్రరంగు దారంతో ఇలాగే తాడు కొట్టేవాడు. ఆ కొస మావాడు, ఈ కొస నేను. ‘స్పిరిట్ లెవెల్ ఇలా ఇవ్వు నాన్నా’ అంటే ‘రసమట్టం’ అని అందించేవాణ్ణి. మూలల కొలబద్దను ‘మూలమట్టం’ అంటారని చెప్పాను. నాకు పేర్లు తెలుసు, వాడికి పని తెలుసు. వాడికి పదేళ్ళప్పుడు లెక్కలు చెప్పిన తరువాత మేమిద్దరం ఇన్ని గంటలు ఒకచోట గడపడం అదే.

జూన్‌లో ఒకనాటి సాయంత్రం మా ఆవిడ టీ ఫ్లాస్కుతో కిందికి దిగింది. చట్రాలు మాత్రం నిలిచి ఉన్నాయి, గదుల ఎముకలు కనబడుతున్నాయి. బోర్లించిన రంగుడబ్బామీద కూర్చుని చాలాసేపు చూసి, ‘ఏమండీ, ఇది పూర్తయ్యాక తెనాలి వెళ్ళడానికి మనం ఏం సాకు చెబుతాం?’ అని అడిగింది. రంపం ఆపిన మావాడికి ఆ మాట వినబడింది. ‘అమ్మా, ఇల్లు అమ్మేయమని నేనెప్పుడైనా అన్నానా?’ అన్నాడు. ‘అనలేదురా. అనకుండా గది కడుతున్నావు’ అన్నది.

మావాడు రంపం కిందపెట్టి ఆమె ఎదుట నేలమీద కూర్చున్నాడు. ఆ రోజు పని ముందుకు సాగలేదు. ఈ పదేళ్ళలో ప్రతి ఆదివారం ఫోనులో వాడు ‘మోకాళ్ళు ఎలా ఉన్నాయమ్మా’ అనడం, ఆమె ‘బాగానే ఉన్నాయి’ అనడం, ‘నీ ఉద్యోగం ఎలా ఉంది’ అంటే వాడూ అదే మాట అనడం నేను పక్కన కూర్చుని వింటూనే ఉన్నాను. ఆ సాయంత్రం మోకాళ్ళకు వైద్యుడు ఏమన్నాడో ఆమె చెప్పింది. అర్ధరాత్రి మాకు ఏదైనా అయితే ఇరవైగంటల ప్రయాణం చేసి రావాలన్న భయం తనకు ఎన్నాళ్ళుగా ఉన్నదో వాడు చెప్పాడు. చివరికి తేలినది ఇది. తెనాలి ఇల్లు అమ్మేది లేదు. గది మేము రావడానికే గాని ఉండిపోవడానికి కాదు. ఉండిపోవలసిన రోజు వస్తే ఆ మాట మేమే అడుగుతాం. మా ఆవిడ ఒక షరతు పెట్టింది. ఆ గదికి తాను ఎక్కి బయటికి రాగలిగిన కిటికీ ఉండాలి.

అది ఆమె షరతే కాదు, అక్కడి నియమావళి షరతు కూడా. బేస్‌మెంటులో పడకగది ఉంటే, మంటలు లేచినప్పుడు మెట్లదారి మూసుకుపోయినా మనిషి బయటపడగలిగేంత కిటికీ తప్పనిసరి. తెరిచినప్పుడు కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు, మొత్తంమీద 5.7 చదరపు అడుగుల ఖాళీ రావాలి. కిటికీ అడుగు గది నేలకు 44 అంగుళాలు మించిన ఎత్తున ఉండకూడదు. ఆ 44 అంగుళాలు కుర్రవాళ్ళ లెక్క. మేము 30 పెట్టించి, దాని కింద ఒక వెడల్పాటి పీట అమర్చాం. కాంక్రీటు గోడను వజ్రపుపళ్ళ రంపంతో కోయడం, కోసినచోట పైబరువు మోసే ఏర్పాటు చేయడం ఇంట్లో చేసుకొనే పనులు కావు, దానికి నిపుణులనే పిలిచారు. తవ్వేముందు 811కు ఫోను చేస్తే వచ్చి భూమిలోని గ్యాసు, కరెంటు తీగల జాడలు ఉచితంగా గుర్తుపెట్టి వెళ్ళారు. బయట గొయ్యికి నిచ్చెనకు బదులు వెడల్పాటి మెట్లు కట్టించాం, అడుగున కంకర పోసి నీరు పోయే గొట్టానికి కలిపించాం. అన్నీ అయిన రోజున మా ఆవిడ చీరకుచ్చెళ్ళు దోపుకొని, మావాడి చేయి ఒక్కచోట పట్టుకొని, ఆ కిటికీలోనుండి పెరట్లోకి ఎక్కి వచ్చింది. అందరం కిందనే ఉన్నాం. పైనుండి తొంగిచూసి, ‘సరే, ఇది గదే’ అన్నది. ఆ మెట్లమీద వేసవి అంతా తులసికుండీలు పెట్టింది. ఉదయపుటెండ వాటి మీదుగా మంచం దాకా వచ్చేది.

ఇక పైకప్పు. దానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి దూలాలకే పలకలు బిగించి అతుకులు కనబడకుండా పూయడం. రెండవది దూలాలనుండి తీగలతో సన్నని లోహపుచట్రం వేలాడదీసి, రెండడుగుల చదరపు పలకలు దానిలో పేర్చడం. రెండవదానివల్ల నాలుగైదు అంగుళాల ఎత్తు పోతుంది. కాని ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒక పలక ఎత్తి గొట్టాన్ని, తీగను చూసుకోవచ్చు. కాపురముండే గదికి ఏడడుగుల ఎత్తు ఉండాలని నియమం. గొట్టాలు, కవాటాలు ఎక్కువగా ఉన్న హాలుకు వేలాడే కప్పు, మా గదికి బిగించిన కప్పు ఎంచుకొన్నారు. మా గది సరిగ్గా వంటింటి కింద ఉండడంచేత, చప్పుడు వినబడకుండా దూలాల నడుమ రాతిఉన్ని దట్టించారు.

ఆ పలకల గుండె జిప్సం. మన ఆయుర్వేదంలో గోదంతి అంటారే, అదే. రెండు కాగితాల నడుమ దానిని ఇమిడ్చి పలక చేస్తారు. ఈ జాతి పలకలకు 1894లో ఆగస్టీన్ సాకెట్ అనే ఆయన అమెరికాలో పేటెంటు పొందాడు. జిప్సం బరువులో ఐదోవంతు నీరే, స్ఫటికంలో బంధింపబడి ఉంటుంది. మంట తగిలినప్పుడు ఆ నీరు ఆవిరై పోయేదాకా వెనుకనున్న కలపకు వేడి ఎక్కదు. నురగపలకలు మంటకు త్వరగా లొంగుతాయి గనుక వాటిని అరంగుళపు జిప్సం పలకతో కప్పి తీరాలి. ముందు పైకప్పు పలకలు, తరువాత గోడ పలకలు. అప్పుడు గోడ పలకల పైఅంచు కప్పు పలకలకు ఆసరా అవుతుంది. ఒక్కొక్కటి 20 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. పైకి ఎత్తడానికి అద్దెయంత్రం తెచ్చారు. గోడపలకల అడుగు నేలకు అరంగుళం పైననే ఉంచాలి, లేకుంటే నేలమీద పడిన నీటిని కాగితం వత్తిలా పైకి లాగుతుంది.

నా వృత్తికి తగిన పని అప్పుడు దొరికింది. రెండు పలకలు కలిసేచోటు సంధి. దానిమీద కాగితపు టేపు వేసి, ముద్ద పూసి, ఆరిన తరువాత మరింత వెడల్పుగా ఇంకొక పూత, దానిపైన ఇంకా వెడల్పుగా మూడవ పూత వేస్తారు. కలిసేచోటును నున్నగా చేస్తే చాలదు. పక్కల అడుగుదూరం దాకా పలుచగా లాగితేనే కన్నుకు అతుకు తెలియదు. ఇది ఏకాదేశం. పూర్వవర్ణం, పరవర్ణం రెండూ పోయి ఒక్కటే నిలిచింది. హాలులోని వేలాడే కప్పు ప్రకృతిభావం. ఏ పలకకు ఆ పలక, అతుకు అతుకుగానే కనబడుతుంది. ఈ మాట మావాడికి చెబితే, ‘తొమ్మిదో తరగతిలో ఇలా చెప్పి ఉంటే నాకు అర్థమయ్యేది నాన్నా’ అన్నాడు.

పలకలు బిగించకముందు టౌన్‌షిప్ తనిఖీ అధికారి వచ్చిన సంగతి విడిగా చెప్పాలి. ఇంటియజమాని తన ఇంట్లో తాను చేసుకొన్నా అనుమతిపత్రం కావాలి, దశదశకూ తనిఖీ జరగాలి. చట్రం, కరెంటు, గొట్టాలు అన్నీ తెరిచి ఉన్నప్పుడే ఆయన చూస్తాడు. చూడకముందు మూస్తే విప్పించే అధికారం ఆయనకున్నది. కలపచట్రంపై చివర ఒక గొట్టంపక్కన వేలుపట్టే సందు చూపించి, అగ్ని గోడలోపలినుండి దూలాలలోకి ప్రాకకుండా దానిని పూడ్చమన్నాడు. పూడ్చిన తరువాత మళ్ళీ వచ్చి సంతకం చేశాడు. ‘కప్పేముందు పిలవండి’ అని కాగితంమీద అచ్చువేసి ఉన్న ఆ వాక్యం నాకు నచ్చింది. గోడ అందం రంగులో ఉన్నదని వచ్చిన చుట్టాలు అంటారు. నేను చూసినంతవరకు ఆ పనిలో నూటికి ఎనభై వంతుల మంచిచెడ్డలు ఇక ఎవరూ చూడని చోటనే ఉన్నాయి. అందుకే కంటికి కనబడే రంగుకు పట్టింది నాలుగు రోజులు, కనబడనిదానికి పట్టింది నాలుగు నెలలు.

సెప్టెంబరు మధ్యలో గది సిద్ధమైంది. అందులో మేము నాలుగు వారాలు పడుకొన్నాం. మొదటి ఉదయం మా ఆవిడ, ‘మరీ ఇంత నిశ్శబ్దమా? పైన ఎవరు లేచారో, పాలు కాగాయో లేదో ఎలా తెలుస్తుంది?’ అన్నది. రాతిఉన్ని అంత బాగా పనిచేసింది. మరునాటినుండి ఆమె గది తలుపు తెరిచే పడుకొన్నది.

తిరిగి వచ్చే ముందు నేను చేసిన పని ఒకటున్నది. పలకలు బిగించకముందు ప్రతిగోడనూ కొలిచి ఒక నోటుపుస్తకంలో ఎక్కించాను. ఈశాన్యమూలనుండి ఎన్ని అడుగులకు నీటిగొట్టం, ఏ నిలువుబద్ద వెంట కరెంటు తీగ, ఎపాక్సీ పూసిన బీట ఎక్కడ, నీరు కట్టేసే కవాటం ఏ పలకపైన. మావాడు ఫోటోలు తీశాడు గాని, ఫోటోలో అంగుళాలు ఉండవు. నేను తెలుగులో వ్రాశాను, నాకు చేతనైనది అదే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు గొట్టం పగిలితే కవాటం కట్టేయవలసినవాడు మనవడు, వాడికి అక్షరాలు వచ్చు గాని వత్తులు రావు. మా కోడలు పుస్తకం చూసి, ప్రతి వరుస కింద ఇంగ్లీషులో వ్రాస్తానన్నది. వ్రాయమన్నాను. ‘కవాటం’ అన్న మాట కింద మాత్రం ఏమీ వ్రాయలేదట. ఆ మాట వాడిచేత పదిసార్లు వ్రాయించిందట. ఆ పుస్తకం ఇప్పుడు ఫర్నేసు పక్కన మేకుకు వేలాడుతున్నది.